వేగుచుక్క మీద నిఘా

ఢిల్లీలో కూర్చున్న విలేఖరి నుంచి పాఠకులు ఆశించేది మంత్రుల మంతనాలు, పార్లమెంటు వాగ్వాదాలు. ఈ వారం నేను ఎగిరే పళ్ళాలను గురించి వ్రాయబోతున్నాను. నవ్వుకొనేవారు నవ్వుకోవచ్చును. సభకు వెళ్ళేముందు నేనూ నవ్వుకొన్నవాడినే.

సభ అంటే పెద్ద సభ కాదు. నగరంలో అద్దెకు దొరికే ఒక హాలు. నలభై కుర్చీలు, వాటిలో సగం ఖాళీ. గుర్తు తెలియని ఎగిరే వస్తువులపై ఆసక్తి గల కొందరు ఏడాదికొకసారి ఇలా కలుసుకొంటారు. వేదిక మీద ఒక యువకుడు సెల్‌ఫోనులో తీసిన వెలుగుల బొమ్మలు చూపించి, ఇవి గ్రహాంతరవాసుల వాహనాలేనని తేల్చివేశాడు. చప్పట్లు మ్రోగాయి. అప్పుడు వాతావరణ శాఖలో పనిచేసి విరమించిన ఒక పెద్దమనిషి లేచి, బొమ్మ తీసిన వేళ ఏది, దిక్కు ఏది అని అడిగారు. యువకుని వద్ద రెండూ లేవు. "అయితే మన వద్ద బొమ్మ ఉన్నది గాని సాక్ష్యం లేదు" అని ఆయన కూర్చున్నారు. ఈసారి చప్పట్లు లేవు.

టీ విరామంలో ఆయన ప్రక్కకు చేరాను. చేతి సంచిలో నోటు పుస్తకాలు. "ఉద్యోగంలో ఉండగా మేము బెలూన్లు వదిలేవాళ్ళం. వాటినే చూచిన జనం, ఎగిరే పళ్ళెం కనిపించిందని మరునాడు మా ఆఫీసుకే వచ్చి చెప్పేవారు. ఈ లెక్క అప్పుడు మొదలుపెట్టాను" అన్నారు.

"ఇన్నేళ్ళలో ఒక్కటైనా పైలోకం నుంచి వచ్చినట్లు తేలిందా?" అని అడిగాను.

"లేదు."

"విసుగు పుట్టలేదా?"

"తేలనివాటి కోసమే పనిచేసేవాడికి విసుగు పుడుతుంది. ఇది విమానం, ఇది బెలూను, ఇది శుక్రగ్రహం అని నిర్ధారించిన ప్రతి పుటా నాకు ఆ రోజు కూలి గిట్టినట్లే."

ఆ మాట విన్న తరువాత నాకు అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు అలెన్ హైనెక్ గుర్తుకు వచ్చాడు. అమెరికా వైమానిక దళం 1969లో మూసివేసిన 'బ్లూ బుక్' పరిశోధనకు ఆయన సలహాదారు. అందులో నమోదైన 12,618 ఉదంతాలలో చివరకు అంతుబట్టకుండా మిగిలినవి 701 మాత్రమే. ఇటువంటి కథలను కొట్టిపారవేయడానికి వచ్చిన హైనెక్, 1966లో మిచిగన్ రాష్ట్రంలో కనిపించిన వెలుగులు చిత్తడి నేలల వాయువు కావచ్చునని చెప్పి, దేశమంతటా ఎగతాళికి గురి అయినాడు. అయినా పని మానలేదు. 1973లో స్వయంగా ఒక పరిశోధన కేంద్రాన్ని స్థాపించి, 1986లో మరణించేవరకు లెక్కలు చూస్తూనే ఉన్నాడు.

ఇదంతా సంపన్న దేశాల వినోదం గదా, మనకెందుకని అడిగేవారు ఒకసారి లడాఖ్ వైపు చూడాలి. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి వరకు పాంగాంగ్ సరస్సు ప్రాంతంలో మన సైనికులు గుర్తు తెలియని వెలుగులను 329 సార్లు నమోదు చేశారు. వాటిలో 155 వాస్తవాధీన రేఖను దాటి వచ్చాయని లెక్క కట్టారు. చైనా గూఢచారి డ్రోనులని అనుమానం. బెంగుళూరులోని భారత ఖగోళ భౌతిక శాస్త్ర సంస్థ వారిని సంప్రదించగా, వారు వెలుగుల దిక్కును, ఎత్తును, నక్షత్రాల మధ్య వాటి కదలికను పరిశీలించి తేల్చినది ఏమిటి? ఒకటి గురుగ్రహం, రెండవది శుక్రుడు. మన పల్లెల్లో కాడి కట్టే రైతుకు వేళ చెప్పే వేగుచుక్క, ఆ కొండలలో శత్రువు కన్నుగా కనిపించినది.

ఇది సైనికులను పరిహసించడానికి చెప్పడం లేదు. పల్చని గాలిలో, గడ్డకట్టే చలిలో, ఎదుట శత్రుసేనను పెట్టుకొని రాత్రంతా కావలి కాచేవాడికి ప్రతి వెలుగూ అనుమానాస్పదమే. అదే 2013లో, ఏప్రిల్, మే నెలలలో, దెప్సాంగ్ మైదానంలో ఇరు సేనలు మూడు వారాలపాటు ఎదురెదురుగా గుడారాలు వేసికొని ఉన్నాయి. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది అమరులైనారు. సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు వారిలో ఒకరు. అటువంటి చోట వెలుగును సరిగా గుర్తించడం ప్రాణాలతో ముడిపడిన విషయం.

కొన్ని ప్రభుత్వాలు ఈ అవసరాన్ని ఏనాడో గ్రహించాయి. ఫ్రాన్స్ 1977లోనే తన అంతరిక్ష సంస్థలో ఇందుకు ఒక విభాగం పెట్టి, 2007 నుంచి ఆ దస్త్రాలను ప్రజల ముందుంచినది. 1978లో గ్రెనడా ప్రధాని ఎరిక్ గేరీ పట్టుదల వల్ల ఐక్యరాజ్యసమితి కూడా ఈ విషయాన్ని చర్చించినది. హైనెక్ అక్కడ ప్రసంగించాడు. సభ్యదేశాలు ఎవరి స్థాయిలో వారు పరిశోధించవలెనని డిసెంబరులో నిర్ణయమైనది. మూడు నెలలు తిరగకముందే, గేరీ విదేశంలో ఉండగా, స్వదేశంలో ఆయన ప్రభుత్వం కూలిపోయినది. ఆ నిర్ణయానికి దిక్కు చెప్పేవారు లేకపోయినారు. 2023లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా నియమించిన నిపుణుల బృందం కూడా ఇవి గ్రహాంతరవాసుల పని అనడానికి ఆధారం లేదంటూనే, నాణ్యమైన సమాచారం కొరవడినదనీ, నవ్విపోతారన్న జంకు వల్ల చూచినవారు చెప్పడం లేదనీ విచారించినది.

ఆ నవ్వులో పత్రికలవారికీ వాటా ఉన్నది. 2023 నవంబరు 19న ఇంఫాల్ విమానాశ్రయం మీద ఏదో ఎగురుతున్నదని విమానాలను దాదాపు మూడు గంటలు ఆపివేశారు. మణిపూర్ అప్పటికి ఆరు నెలలుగా మండుతున్నది. వైమానిక దళం అప్రమత్తమై, ఆ వస్తువు తరువాత కనిపించలేదని ప్రకటించినది. ఆ రాత్రి వార్తను పంపినవాడిని నేనే. మరునాడు దాని సంగతి కనుక్కొనక, మరొక వార్త వెంట పడినవాడిని కూడా నేనే.

ఈ సంగతి చెప్పగా ఆ పెద్దమనిషి ఒక నోటు పుస్తకం తీసి పుట తిప్పారు. తేదీ, వేళ, స్థలం పొందికగా వ్రాసి ఉన్నాయి. 'నిర్ధారణ' అన్న గడి ఖాళీ. "మీరు ఢిల్లీలో ఉన్నారు గదా, అడగలేదా?" అన్నారు. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అడిగారు.

సరిహద్దు రాష్ట్రంలో, ఒక కల్లోల కాలంలో, విమానాశ్రయాన్నే ఆపివేసిన వస్తువు ఏమిటో తెలుసుకొనే హక్కు ప్రజలకు ఉన్నది. రక్షణ రహస్యం ఉంటే దాచుకోవచ్చును. బెలూను అయితే బెలూను అని చెప్పడానికి అడ్డేమిటి? లడాఖ్‌లో శాస్త్రజ్ఞులు చేసిన పనిని దేశమంతటికీ చేసే ఒక చిన్న విభాగం పౌర సంస్థల అధీనంలో ఉంటే, అందుకయ్యే ఖర్చు దేశానికి భారం కాబోదు.

పార్లమెంటు తదుపరి సమావేశాలలో ఈ ప్రశ్న వేయవలసినదిగా ఇద్దరు ముగ్గురు సభ్యులను అడగదలచినాను. నవ్వితే నవ్వనీయండి. జవాబు వస్తే ఈ శీర్షికలో పాఠకులకు తెలియజేస్తాను. ఆ నోటు పుస్తకానికి కూడా.