కార్యాలయ అమరిక – స్త్రీ పురుష సమానత్వం

మానవుడు తొలినాళ్ళనుండి లోకాన్ని తన దేహంతోనే కొలుచుకొన్నాడు. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు అనే మాటలు నేటికీ మన వాడుకలో నిలిచి ఉన్నాయి. పూలమ్మే స్త్రీ తన మోచేతి పొడవుతోనే మల్లెదండను మూర కొలిచి ఇస్తుంది. అయితే ఒక్కొక్కరి మూర ఒక్కొక్క తీరుగా ఉంటుంది కనుక రాజ్యవ్యవహారాలకు స్థిరమైన ప్రమాణం అవసరమయింది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో అంగుళాన్ని నిర్వచిస్తూ, ఎనిమిది యవధాన్యపు గింజల కొలతతోపాటు మధ్యమ పరిమాణంగల పురుషుని నడిమివేలి వెడల్పును కూడ ఆధారంగా గ్రహించాడు. ఆ విధంగా కొలతకు మూలమైన మనిషి పురుషుడయ్యాడు.

ఈ పద్ధతి ప్రాచీనకాలంతో ముగిసిపోలేదు. చండీగఢ్ నగర రూపకర్తగా ప్రసిద్ధి పొందిన వాస్తుశిల్పి లె కార్బూజియే 1940లలో 'మాడ్యులర్' అనే కొలతల విధానాన్ని రూపొందించాడు. దానికి ఆధారం ఆరడుగుల పురుషుడు. ఆంగ్ల అపరాధపరిశోధక నవలలలో అందగాళ్ళయిన పోలీసులు ఆరడుగుల ఎత్తు ఉంటారన్న మాట కూడ ఆ ఎంపికకు ఒక కారణంగా చెప్పబడింది. చండీగఢ్‌లోని ప్రభుత్వ భవనాల రూపకల్పనలో ఈ కొలతలే ఉపయోగపడ్డాయి. నవలలోని పోలీసుకు సరిపోయిన కొలత అయిదడుగుల ఎత్తైనా లేని ఉద్యోగినికి ఏ మేరకు సరిపోతుందనే ప్రశ్నకు ఆ లెక్కలో చోటు దొరకలేదు.

కొలతలోని ఈ లోపం కార్యాలయంలో మొదట కుర్చీ వద్ద బయటపడుతుంది. కుర్చీ ఎత్తు ఎక్కువైతే పాదాలు నేలకు ఆనవు. తొడల అడుగుభాగంపై ఒత్తిడి పెరిగి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. బల్ల ఎత్తు ఎక్కువైతే భుజాలు పైకెత్తి పనిచేయవలసి వచ్చి మెడ, వెన్ను నొప్పులు పుడతాయి. ఎత్తు మార్చుకోదగిన కుర్చీ, దాని ముందు ఒక పాదపీఠం, చేతికందే ఎత్తులో అలమారలు ఈ బాధను తగ్గించగలవు. భారతీయ స్త్రీ పురుషుల దేహపరిమాణాలను వివరించే గ్రంథాన్ని అహమ్మదాబాదులోని జాతీయ రూపకల్పన సంస్థ 1997లోనే ప్రచురించింది. కనుక మన కొలతలు మనకు తెలియవని చెప్పడానికి వీలులేదు.

కంటికి కనబడే వస్తువులలోనే గాక, కనబడని గాలిలో కూడ ఈ భేదం ఉంది. ఎ.సి. గదులలో పనిచేసే స్త్రీలు శాలువా కప్పుకొని కూర్చోవడం మనం చూస్తూంటాం. గది ఉష్ణోగ్రతను నిర్ణయించే ప్రమాణం 1960లలో రూపొందింది. నలభై ఏళ్ళ వయస్సు, డెబ్భై కిలోల బరువుగల పురుషుని దేహం విడుదలచేసే వేడిని అందులో ఆధారంగా గ్రహించారని, స్త్రీల విషయంలో ఆ లెక్క 35 శాతం వరకు ఎక్కువ కావచ్చునని నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు 2015లో వెల్లడించారు. బెర్లిన్‌లో జరిగి 2019లో ప్రచురితమైన పరిశోధనలో, గది వెచ్చబడిన కొద్దీ గణితంలోను, పదనిర్మాణంలోను స్త్రీల ఫలితాలు మెరుగయ్యాయి. పురుషుల ఫలితాలు కొంత తగ్గినా, ఆ తగ్గుదల స్త్రీల పెరుగుదలకంటె స్వల్పమే. చలిగది స్త్రీ సుఖాన్నే గాక ఆమె ప్రతిభను కూడ తగ్గించి చూపగలదని దీనివల్ల గ్రహించవచ్చు.

వీటన్నిటికంటె తీవ్రమైనది శౌచాలయ సమస్య. శుభ్రమైన మరుగుదొడ్డి లేనిచోట స్త్రీలు దాహం వేసినా నీరు త్రాగక రోజు గడుపుతారు. దానివల్ల మూత్రకోశ వ్యాధులకు గురియవుతారు. ఈ నిర్లక్ష్యం సంపన్నదేశాలలోనూ కనిపిస్తుంది. అమెరికా ప్రతినిధుల సభలో తొలి మహిళ 1917లో అడుగుపెట్టగా, సభామందిరం చెంతనే మహిళాసభ్యులకు శౌచాలయం ఏర్పడింది 2011లో మాత్రమే. మన సుప్రీంకోర్టు 2025 జనవరిలో దేశంలోని న్యాయస్థానాలన్నిటిలో స్త్రీలకు, పురుషులకు, వికలాంగులకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు వేరువేరుగా శౌచాలయాలు ఉండాలని ఆదేశించింది. న్యాయం చెప్పే చోట కూడ ఈ వసతి కోసం తీర్పు అవసరమైనదన్న సంగతి గమనార్హం.

మాతృత్వం మరొక ముఖ్యాంశం. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం, యాభైమందికి తక్కువ కాకుండా ఉద్యోగులున్న సంస్థలలో శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళవచ్చునని నిర్దేశించింది. కాని ఆ గది నేలమాళిగలో ఒక మూలనుంటే హక్కు కాగితానికే పరిమితమవుతుంది. పనిగదికి చేరువగా, గాలీ వెలుతురూ వచ్చేచోట దానిని ఏర్పరచాలి. బిడ్డను చూచుకొనే తండ్రికి కూడ అక్కడ ప్రవేశముండాలి. శిశుపోషణ తల్లి ఒక్కతె బాధ్యత కాదు.

ఒక్కొక్కప్పుడు కావలసినది పెద్ద కట్టడం కాదు, చిన్న పీట మాత్రమే. కేరళలోని వస్త్రదుకాణాలలో రోజంతా నిలబడి పనిచేసిన స్త్రీలు కూర్చొనే హక్కుకోసం ఏళ్ళ తరబడి పోరాడారు. ఫలితంగా 2018లో ఆ రాష్ట్రం చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు ఆ మార్గాన్నే అనుసరించింది. తమ ఊరి దుకాణాలలో అమ్మకపుపనిలో ఉన్నవారికి కూర్చొనే వీలున్నదో లేదో విద్యార్థులు గమనించాలి.

అందరికీ ఒకే కుర్చీ, ఒకే బల్ల ఇవ్వడమే సమానత్వం కదా అని కొందరు అడుగవచ్చు. ఒకే కొలత చెప్పులను పదిమందికి పంచినవాడు తాను పక్షపాతం చూపలేదనుకోవచ్చు. కాని అవి తొడుగుకొని హాయిగా నడిచేది ఆ కొలతకు సరిపోయినవారే. అవసరాన్ని గుర్తించి అమర్చడమే నిజమైన సమదృష్టి. ఎత్తు మార్చుకొనే కుర్చీ పొట్టివాడైన పురుషునికీ ఉపకరిస్తుంది. వెలుతురున్న మెట్లు, శుభ్రమైన శౌచాలయం అందరికీ మేలుచేస్తాయి.

అందువల్ల భవనపటం గీసే దశలోనే అక్కడ పనిచేయబోయే స్త్రీల అవసరాలను అడిగి తెలిసికోవాలి. కాగితంపై గీతను చెరిపివేయడం సులభం. కట్టిన గోడను పడగొట్టడం కష్టం. రేపటి ఇంజనీర్లు, అధికారులు, యజమానులు నేటి విద్యార్థులే. వారు గదిని కొలిచేటప్పుడు ఆ కొలత ఎవరిదని ఒక్కసారి ప్రశ్నించుకొంటే, నియామకపత్రంలో వ్రాసిన సమానత్వం పనిచేసే గదిలోనూ స్త్రీలకు దక్కుతుంది.