ఐపీఎస్‌కు గుర్రపుస్వారీ ఎందుకు?



"పెద్దయ్యాక ఐపీఎస్ అవుతాను" అనే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఆ మాట వినగానే మనకు గుర్తొచ్చేవి పుస్తకాలు, కోచింగ్, ర్యాంకు. సివిల్స్ రాసి ఐపీఎస్‌కు ఎంపికైనవారు శిక్షణకు వెళ్లేది హైదరాబాద్ శివరాంపల్లిలోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీస్ అకాడమీకి. 1948లో మౌంట్ అబూలో మొదలైన ఈ సంస్థ 1975లో హైదరాబాద్‌కు వచ్చింది. అక్కడ చట్టాలు, తుపాకీ కాల్చడంతో పాటు గుర్రపుస్వారీ కూడా నేర్పుతారు. అమ్మాయిలకైనా, అబ్బాయిలకైనా ఒకటే శిక్షణ.

గుర్రం పోలీసుల్లోకి ఎలా వచ్చింది?

జీపులు, రోడ్లు లేని రోజుల్లో దూర ప్రాంతాల్లో గస్తీకి గుర్రమే దిక్కు. కెనడా 1873లో ఏర్పాటు చేసిన పోలీసు దళం పేరులోనే 'మౌంటెడ్' అనే మాట ఉంది. మోటారు వాహనాలు పెరిగాక గుర్రాల అవసరం తగ్గింది. ముంబయి 1932లో తన అశ్విక దళాన్ని తీసేసి, మళ్లీ 2020లో తెచ్చుకుంది.

ఇప్పుడు దేనికి?

జనసమూహాల కోసం. గుర్రం మీద కూర్చున్న పోలీసుకు తలల పైనుంచి దూరం వరకు కనిపిస్తుంది. ఎక్కడ తోపులాట మొదలైందో ముందే తెలుస్తుంది. ఆపదలో ఉన్నవారికీ ఆయన దూరం నుంచే కనిపిస్తాడు. హైదరాబాద్‌లో ఇలాంటి పోలీసు గుర్రాలున్నాయి.

అందరికీ ఎందుకు నేర్పుతారు?

ఐపీఎస్ అధికారులు రోజూ గుర్రమెక్కి తిరగరు కదా! గుర్రం స్వతహాగా బెదురు జంతువు. పైనున్నవారి భయం, కంగారు దానికి ఇట్టే తెలిసిపోతాయి. అరిస్తే మాట వినదు. స్థిమితంగా ఉంటేనే నడుస్తుంది. కింద పడితే లేచి మళ్లీ ఎక్కాలి. రేపు కోపంతో ఉన్న జనం ముందు నిలబడాల్సిన అధికారికి కావలసిన నిబ్బరం అదే.

ఉప్పాడలో వేటకు వెళ్లేవారికి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. కెరటం తీరు చూసి, అదను కనిపెట్టి పడవను దాటిస్తారు. మగ్గం మీద జాందానీ నేసేవారికీ అంతే, పోగు తెగితే విసుక్కోకుండా అతుక్కోవాలి. ఇవి పుస్తకం చదివితే వచ్చేవి కావు.

మనం చేయగలిగింది

ఐపీఎస్‌కు శరీర దారుఢ్యమూ చూస్తారు. సాధారణంగా పురుషులకు కనీసం 165, మహిళలకు 150 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. కాబట్టి పరీక్షలు దగ్గరపడ్డాయని ఆటల పీరియడ్ మాన్పించకండి. ఓడిపోయి ఇంటికొచ్చిన రోజు "ఎందుకు ఓడావు?" అని కాకుండా "రేపు మళ్లీ ఆడతావా?" అని అడగండి.

పిల్లలకు చెప్పండి: పోలీసు గుర్రం కనిపిస్తే వెనక నుంచి దగ్గరకు వెళ్లకూడదు. సరిగ్గా వెనక ఉన్నది దానికి కనపడదు, బెదిరి తన్నవచ్చు. ముందుగా స్వారీ చేస్తున్నవారిని అడిగి, వారు చెప్పిన వైపు నుంచే వెళ్లాలి.