కొట్టపు రేకుల దుమ్ము – ఊపిరితిత్తులకు ముప్పు

పశువుల కొట్టములపై తాటాకు పోయి సిమెంటు రేకులు వచ్చినవి. ఇవి చవక, వీటికి చెద పట్టదు, నిప్పు అంటుకొనదు. అయితే వీటిలో చాలా రకములందు సిమెంటుతోపాటు రాతినార, అనగా ఆస్బెస్టాస్, కలిసియుండును. రేకు చెక్కుచెదరక కప్పుపై ఉన్నంత కాలము భయము స్వల్పమే. కోసినపుడు, తొలిచినపుడు, పగులగొట్టినపుడు లేచు దుమ్ముతోనే చిక్కు.

ఆ దుమ్ములోని సన్నని పోగులు ఊపిరితో లోనికి పోయి ఊపిరితిత్తులలో నాటుకొనును. శరీరము వాటిని కరిగించుకొనలేదు. పోగు చుట్టును వాపు పుట్టి, మెత్తని కండ గట్టిపడి మచ్చ కట్టును. గాయము మానినచోట చర్మము బిరుసెక్కుట మీరెరిగినదే, ఇదియు అట్టిదే. స్పంజివలె సాగవలసిన ఊపిరితిత్తి బిగిసిపోయి, బస్తా ఎత్తినను ఆయాసము వచ్చును. దీనినే ఆస్బెస్టోసిస్ అందురు. ఈ మచ్చ మరల మాయదు.

కీడు అంతటితో ఆగదు. ఇంగ్లండులో రిచర్డ్ డాల్ అను వైద్యశాస్త్రజ్ఞుడు ఒక ఆస్బెస్టాస్ కర్మాగారపు కార్మికులను పరిశీలించి, 1955లో ఫలితములు ప్రకటించెను. 20 ఏండ్లు, అంతకు మించి ఆ దుమ్ములో పనిచేసినవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు ఇతరులకంటె సుమారు 10 రెట్లు ఉన్నట్లు తేలినది. శవపరీక్షలో ఈ క్యాన్సరు కనిపించిన 18 మందిలో 15 మందికి మచ్చకూడ ఉన్నది.

కారణమేమి? వాపు, మాన్పు ఎడతెగక సాగుచోట కణములు పదేపదే చీలి పెరుగును. ఆ పెరుగుదలలో అదుపు తప్పిన కణమే క్యాన్సరుకు మూలము. పోగుకూడ స్వయముగా కణమునకు హాని చేయును. కనుక మచ్చ లేనివారికి క్యాన్సరు రాదని కాదు. మచ్చ ఉన్నవారికి ముప్పు హెచ్చు.

పొగ త్రాగువారు మరింత జాగ్రత్తపడవలెను. 1979లో అమెరికాలో ప్రకటించిన లెక్కలనుబట్టి, ఈ రెండును లేనివారితో పోల్చగా ఆస్బెస్టాస్ పనివారికి ముప్పు 5 రెట్లు, పొగత్రాగువారికి సుమారు 11 రెట్లు, రెండును ఉన్నవారికి 50 రెట్లకు పైగా ఉన్నది.

ఒకనాడు ఒక రేకు కోసినవారు బెదరనక్కరలేదు. ఊరూర కొట్టములు కప్పు పనివానికి మాత్రము ఇది ప్రాణముతో చెలగాటము. జబ్బు 20 ఏండ్లకో, ఆపైననో బయటపడును గనుక ముందే ఈ క్రింది జాగ్రత్తలు పాటింపుడు:

1. వీలైనచో ఆస్బెస్టాస్ లేని రేకులు కొనుడు. కొట్టమును కొలిచి, కోయనక్కరలేని కొలత రేకులే తెండు.

2. కోయక తప్పనిచో ఆరుబయట, నీటితో తడుపుచు, చేతిరంపముతో కోయుడు. కరెంటు రంపము వాడరాదు. ముఖమునకు చుట్టిన తుండుగుడ్డ ఈ పోగులను ఆపదు.

3. దుమ్మును పొడిగా ఊడ్వక తడిగుడ్డతో తుడువుడు. పనిబట్టలను ఇంటిలో దులుపరాదు, విడిగా ఉతుకవలెను.

4. పగిలిన ముక్కలతో బాట గుంటలు పూడ్చరాదు. ముక్కలను తడిపి, పట్టాలో చుట్టి, ఎవరును త్రవ్వనిచోట లోతుగా పూడ్చవలెను.

5. దగ్గు, ఆయాసము విడువనిచో ఉబ్బసమనుకొని ఊరకుండరాదు. డాక్టరుకు చేసిన పని ఏదో, ఎన్ని ఏండ్లు చేసినదో చెప్పి ఎక్సురే తీయించుకొనుడు. బీడీ, చుట్ట నేడే మానుడు.