రోడ్డు మీద ప్రాణం పోతే పోలీసులు ఏం రాస్తారు? ఆ మొదటి కాగితం ఎందుకంత కీలకం?

2025 సెప్టెంబరు 17న నెల్లూరు జిల్లా సంగం మండలం పెరమన దగ్గర, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చిన ఇసుక టిప్పర్ ఒక కారును ఢీకొట్టింది. కారులోని ఏడుగురు చనిపోయారు. అదే ఏడాది ఏప్రిల్ 30న కోవూరు మండలం పోతిరెడ్డిపాలెం దగ్గర అదుపు తప్పిన కారు రోడ్డు పక్కనున్న ఇంట్లోకి దూసుకెళ్లింది. ఐదుగురు వైద్య విద్యార్థులు, ఆ ఇంట్లో ఉన్న ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండూ నెల్లూరు-ముంబై హైవే మీద జరిగినవే. చెన్నై-కోల్‌కతా హైవే మీద కావలి దగ్గరి ముసునూరు టోల్‌ప్లాజా వద్ద 2024 ఫిబ్రవరిలో లారీలు, ప్రైవేటు బస్సు ఢీకొని కనీసం ఆరుగురు మరణించారు.

మూడింటినీ మనం ఒకే మాటతో పిలుస్తాం: ప్రమాదం. పోలీసు రికార్డులోనూ అదే మాట ఉంటుంది. కానీ టైరు పేలి లారీ పక్కకు ఒరగడం, డ్రైవర్ తెలిసి తెలిసి ఎదురు దారిలోకి బండి తిప్పడం ఒకటేనా? చట్టం ఒకటి కాదనే అంటుంది. ఆ తేడా కాగితం మీదకు వచ్చేదీ రానిదీ మాత్రం పోలీస్ స్టేషన్‌లో తేలుతుంది. ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్ పడింది, ఘటనా స్థలంలో ఏం సేకరించారు, దేన్ని వదిలేశారు అన్నదాని మీదే ఆ తర్వాతి కోర్టు కేసు, బీమా పరిహారం నడుస్తాయి.

‘అతివేగంగా, అజాగ్రత్తగా’

రోడ్డు ప్రమాదం ఎఫ్ఐఆర్‌లు నాలుగు చదివితే ఐదోది చదవక్కర్లేదు అనిపిస్తుంది. ‘డ్రైవరు తన వాహనమును అతివేగముగా, అజాగ్రత్తగా నడిపి’ అనే వాక్యం దాదాపు అన్నింటిలో ఉంటుంది. ఎంత వేగం, ఆ రోడ్డుకు పరిమితి ఎంత, బ్రేక్ గుర్తులు ఎక్కడ మొదలయ్యాయి, వీధి దీపాలు వెలుగుతున్నాయా, డివైడర్‌కు అక్కడ గండి ఉందా అన్నవి కనిపించడం తక్కువ. చిన్న బండి, పెద్ద బండి ఢీకొంటే పెద్ద బండి డ్రైవర్ మీద కేసు రాయడం కూడా ఒక అలవాటుగా మారింది. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. కానీ అలవాటు దర్యాప్తు కాదు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఆంధ్రప్రదేశ్ వాటా 8 వేలకు పైనే. దేశవ్యాప్త మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే పడ్డాయి. ఈ లెక్కలకు మూలం స్టేషన్లలో నింపే ప్రమాద నివేదికలే. అక్కడ ‘అతివేగం’ అని ఒక్క గడి నింపేస్తే రోడ్డు మలుపు, లైట్లు, డ్రైవర్ నిద్రలేమి అన్నీ ఆ గడిలోనే కలిసిపోతాయి. ఐఐటీ మద్రాస్, ఎన్‌ఐసీ కలిసి తయారుచేసిన ‘ఈ-డార్’ యాప్‌లో ఇప్పుడు ఫొటోలు, లొకేషన్‌తో సహా వివరాలు ఎక్కించాలి. అది మంచి మార్పే. యాప్‌లో గడులు పెరిగాయి కాబట్టి, వాటిని నింపే చూపు కూడా మారాల్సి ఉంది.

106 వేరు, 105 వేరు

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో (బీఎన్‌ఎస్) సెక్షన్ 106(1) నిర్లక్ష్యం వల్ల మరణానికి సంబంధించినది. పాత ఐపీసీ 304ఏ స్థానంలో వచ్చింది. అప్పట్లో గరిష్ఠ శిక్ష రెండేళ్లు, ఇప్పుడు ఐదేళ్లు. అయితే ఇది బెయిల్ ఇవ్వదగిన నేరమే. అంటే పూచీకత్తు మీద డ్రైవర్ స్టేషన్ నుంచే ఇంటికి వెళ్లిపోవచ్చు. చనిపోయినవారి ఇంట్లో ఇంకా కర్మకాండలు కూడా పూర్తికాకముందే డ్రైవర్ ఊళ్లో తిరుగుతున్నాడని జనం మండిపడటం చూస్తుంటాం. అందులో పోలీసుల తప్పేమీ ఉండకపోవచ్చు, ఆ సెక్షన్ స్వభావమే అది.

రెండోది సెక్షన్ 105. తన పని వల్ల ప్రాణం పోవచ్చని తెలిసీ ఆ పని చేస్తే వర్తించేది. శిక్ష పదేళ్ల వరకూ ఉండొచ్చు, బెయిల్ హక్కుగా రాదు, విచారణ సెషన్స్ కోర్టులో జరుగుతుంది. దీన్ని రోడ్డు మరణాలకు వాడవచ్చా అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 2012లోనే జవాబిచ్చింది. 2006 నవంబరులో ముంబైలోని బాంద్రాలో ఫుట్‌పాత్ మీద నిద్రిస్తున్న కూలీల మీదకు తాగిన మత్తులో కారు ఎక్కించిన ఘటనలో ఏడుగురు చనిపోయారు. అలిస్టర్ ఆంథోనీ పెరీరా అనే ఆ డ్రైవర్‌కు కింది కోర్టు ఆరు నెలల శిక్షతో సరిపెట్టింది. బాంబే హైకోర్టు దాన్ని అప్పటి ఐపీసీ 304 రెండో భాగం కింద మూడేళ్లకు పెంచింది. సుప్రీంకోర్టు సమర్థించింది.

మరి ఎదురు దారిలో లోడు టిప్పర్ తోలినవాడి సంగతి? మద్యం లేకపోయినా, హైవే మీద ఎదురు దారిలో పోతే ఎవరో ఒకరు చస్తారని తెలియని డ్రైవర్ ఉంటాడా? ఇది ప్రతి కేసులో వాస్తవాలను బట్టి తేలాల్సిన విషయం, కోర్టు తేల్చాల్సిన విషయం. కానీ ఆ ప్రశ్న కోర్టు దాకా వెళ్లాలంటే ముందు దర్యాప్తు అధికారి అడగాలి. చేతి అలవాటుగా 106(1) రాసేస్తే ఎవరూ అడిగినట్టు కాదు.

ఇక ఢీకొట్టి పారిపోతే? సమాచారం ఇవ్వకుండా పారిపోయే డ్రైవర్‌కు పదేళ్ల శిక్ష అని 106(2) తెచ్చారు. 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగడంతో కేంద్రం దాన్ని పక్కన పెట్టింది. మిగతా చట్టమంతా అమల్లోకి వచ్చిన రోజు అది రాలేదు. కొడతారన్న భయంతోనే ఆగం అన్నది డ్రైవర్ల వాదన. ఆ భయం అబద్ధమని అనలేం.

ప్రాణం పోకముందు ఏం చేయవచ్చు?

అసలు తేడా ఇక్కడుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 ‘ప్రమాదకరమైన డ్రైవింగ్’ గురించి చెబుతుంది. 2019 సవరణ తర్వాత అందులో రాంగ్ రూట్‌లో వెళ్లడం, చేతిలో ఫోన్ పట్టుకుని నడపడం, రెడ్ సిగ్నల్ దాటడం, నిబంధనలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం స్పష్టంగా చేరాయి. మొదటిసారి దొరికితే ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. ఎవరికీ దెబ్బ తగలక్కర్లేదు, అలా నడిపితే చాలు.

అయినా రోడ్డు మీద మనకు కనిపించేది ఎక్కువగా హెల్మెట్ చలానా. హెల్మెట్ లేని తల ఒక్క ఫొటోలో దొరుకుతుంది. 184 కేసుకు ఆపాలి, రాయాలి, సాక్ష్యం చూపాలి, కోర్టుకు తిరగాలి. హెల్మెట్ చిన్న విషయమేమీ కాదు. దాన్ని సరిగా అమలు చేయడం లేదంటూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2024లో పోలీసులను గట్టిగానే నిలదీసింది. ఆ ఏడాది జూన్-సెప్టెంబరు మధ్య హెల్మెట్ లేక 667 మంది చనిపోయారన్న లెక్క కోర్టు ముందుకు వచ్చింది. అయితే హెల్మెట్ పెట్టుకోనివాడు పణంగా పెట్టేది ప్రధానంగా తన ప్రాణాన్ని. రాంగ్ రూట్‌లో వచ్చే టిప్పర్ డ్రైవర్ పణంగా పెట్టేది ఎదుటివారి ప్రాణాన్ని. నిఘా అంతా మొదటివాడి మీదే ఉంటే, రెండోవాడికి అందే సందేశం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

నెల్లూరు తీరంలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కృష్ణపట్నం పోర్టు నుంచి బొగ్గు లారీలు, చెరువుల నుంచి రొయ్యల బండ్లు, రేవుల నుంచి ఇసుక టిప్పర్లు, కూలీలతో కిక్కిరిసిన ఆటోలు, ఆదివారం వస్తే మైపాడు బీచ్‌కు వెళ్లే బైకులు. వీటన్నింటి మధ్యా స్థానిక ఎస్సై ఒకరు, ఆయనకున్న కొద్దిపాటి సిబ్బంది. వారికి బందోబస్తులుంటాయి, గొడవలుంటాయి. రాత్రి వేళ లారీలు ఆపి డ్రైవర్లతో ముఖం కడిగించి పంపే ‘ఫేస్ వాష్ అండ్ గో’ను రాష్ట్రంలో పలు జిల్లాల పోలీసులు చేపట్టారు. ఖర్చు లేని మంచి పని. కాకపోతే ఎన్ని గంటలుగా స్టీరింగ్ వదల్లేదో, అలా నడపమన్న యజమాని ఎవరో ఆ నీళ్లతో తేలదు.

‘ముందు రోడ్డు క్లియర్ చేయండి’

హైవే మీద ప్రమాదం జరగ్గానే పోలీసులకు మొదటి ఒత్తిడి ట్రాఫిక్. క్రేన్ వస్తుంది, బండ్లు పక్కకు లాగుతారు, గాజు ముక్కలు ఊడుస్తారు. గాయపడినవారిని తరలించడం ఎలాగూ ముందే జరగాలి. కానీ ఆ తర్వాత అరగంటలో పోయేది సాక్ష్యం. ఎవరి బండి ఏ లేన్‌లో ఉందో చెప్పేవి ఆ గాజు ముక్కలే, ఆ టైరు గీతలే. తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ను మన దగ్గర అలాగే పిలుస్తారు) వచ్చి చూసేది స్టేషన్ ఆవరణలో నిలబెట్టిన బండిని. యంత్రలోపం ఉందో లేదో ఆయన చెప్పగలరు, బండి ఎలా వచ్చిందో చెప్పలేరు.

బ్రిటన్‌లో రోడ్డు మరణాల దర్యాప్తు కోసం పోలీసులు రూపొందించుకున్న మాన్యువల్ ఒక సూత్రంతో మొదలవుతుంది: కాదని రుజువయ్యేదాకా ప్రతి రోడ్డు మరణాన్నీ చట్టవిరుద్ధమైన హత్యగా భావించి దర్యాప్తు చేయాలి. డ్రైవర్‌ను హంతకుడిగా చూడమని కాదు, స్థలాన్ని హత్యా స్థలంలా కాపాడమని. మన దగ్గర నడిపిన వ్యక్తే చనిపోతే దర్యాప్తు దాదాపు ఆగిపోతుంది, నిందితుడు లేడు కాబట్టి కేసు మూసేస్తారు. రోడ్డు డిజైన్, నిర్వహణ లోపం వల్ల మరణం సంభవిస్తే కాంట్రాక్టర్‌కు, సంబంధిత అధికార సంస్థకు లక్ష రూపాయల దాకా జరిమానా వేసే సెక్షన్ 198ఏ ఉన్నా, ఎఫ్ఐఆర్‌లలో అది కనిపించడం అరుదు.

కుటుంబం ఏం అడగాలి?

ఆసుపత్రి దగ్గరే మొదలుపెట్టాలి. 2025 మే నుంచి కేంద్రం అమలు చేస్తున్న నగదు రహిత చికిత్స పథకం కింద ఒక్కో బాధితుడికి ఏడు రోజుల వరకు 1.5 లక్షల రూపాయల చికిత్స అందుతుంది. అది రోడ్డు ప్రమాదమేనని పోలీసులు ధ్రువీకరించాలి కాబట్టి స్టేషన్‌కు సమాచారం వెంటనే చేరాలి. 112కు చేసిన ఫోన్ కూడా రికార్డే. గాయపడినవారిని తెచ్చినవారిని సాక్ష్యం చెప్పమని, పేరు ఇవ్వమని ఎవరూ బలవంతం చేయకూడదు. చట్టంలోని సెక్షన్ 134ఏ వారికి రక్షణ.

తర్వాత సీసీటీవీ. ముసునూరు, వెంకటాచలం, బూదనం లాంటి టోల్‌ప్లాజాల్లో బండి దాటిన సమయం ఫాస్టాగ్ రికార్డులో ఉంటుంది. రెండు ప్లాజాల మధ్య దూరాన్ని పట్టిన సమయంతో భాగిస్తే సగటు వేగం వచ్చేస్తుంది. డ్రైవర్‌ను మార్చి వేరొకరిని చూపించారన్న అనుమానం ఉన్నా ఫుటేజీయే దిక్కు. కెమెరా రికార్డులు కొద్దిరోజుల్లో చెరిగిపోతాయి. కాబట్టి వాటిని భద్రపరచమని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోవాలి. సెక్షన్ 105 వర్తిస్తుందని మీకు అనిపిస్తే, ఎందుకో కారణాలు రాసి డీఎస్పీకి, ఎస్పీకి కూడా పంపవచ్చు.

ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను మోటారు ప్రమాదాల క్లెయిమ్ ట్రిబ్యునల్‌కు పంపాలి. పది రోజుల్లో బాధితుల హక్కులు వివరించే ఫారం-2 కుటుంబానికి ఇవ్వాలి. 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు చేరాలి. ఈ నిబంధనలను కచ్చితంగా పాటించాలని, ఇందుకోసం స్టేషన్లలో ప్రత్యేక విభాగాలు పెట్టాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఫారం-2 గురించి చాలా కుటుంబాలకు తెలియదు. మీరు అడిగితే ఇవ్వక తప్పదు.

గుద్దిన బండి ఏదో తెలియకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయల పరిహారం వస్తుంది. బండి తెలిస్తే ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. దరఖాస్తుకు చట్టం పెట్టిన గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలలు. ఆ గడువు చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో సవాళ్లు ఉన్నా, వాటిని నమ్ముకుని ఆగడం మంచిది కాదు. క్రిమినల్ కేసు తేలేదాకా ఎదురుచూడక్కర్లేదు, రెండూ వేర్వేరుగా నడుస్తాయి. లోక్ అదాలత్‌లో పరిహారం రాజీ కుదిరినంత మాత్రాన 106 కేసు రద్దు కాదు. ఆ మాట చెప్పి సంతకాలు పెట్టించుకునేవారు తారసపడితే, కాగితం లాయర్‌కు చూపించకుండా పెన్ను పట్టుకోవద్దు.