దావతుకు కల్లు చెప్పేముందు చెట్లు లెక్కపెట్టండి

పెళ్లయినా, పురుడయినా, ఇంట్లో పెద్దకర్మ అయినా తెలంగాణ పల్లెల్లో నలుగురు చుట్టాలు కూడితే కల్లు ఉండవలసిందే. బోనాలనాడు అమ్మవారికి సాక పోసేదీ కల్లే. మేక ఎక్కడ కొనాలి, వంటవాళ్లు ఎందరు కావాలి అని నెల ముందునుంచే ఆలోచించే ఇంటి యజమాని, కల్లు సంగతి మాత్రం ముందురోజు సాయంత్రం దాకా పట్టించుకోడు. రేపటికి రెండువందల లీటర్లు కావాలని గౌడుకు కబురు పెట్టి ఊరుకుంటాడు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

చెట్టు ఇచ్చేదెంత?

బీరు ఫ్యాక్టరీలో తయారవుతుంది. ఎంత కావాలంటే అంత దొరుకుతుంది. కల్లు అలా కాదు. ఒక్కో చెట్టు రోజుకు ఇచ్చేది కొద్ది లీటర్లే. వందమంది వచ్చే విందులో అరవైమంది తాగుతారనుకుందాం. మనిషికి లీటరు చొప్పున అరవై లీటర్లు. చెట్టుకు మూడు లీటర్లు పారిందనుకున్నా ఇరవై చెట్లు ఎక్కి దిగాలి. రెండువందల లీటర్లంటే దాదాపు డెబ్బయి చెట్లు. గీత కార్మికుడు మోకు, ముస్తాదు కట్టుకుని పొద్దున, సాయంత్రం చెట్టెక్కి గీత గీస్తేనే లొట్టి నిండుతుంది. ఆయనకు రోజూ పోయవలసిన వాడుక ఇళ్లు వేరే ఉంటాయి.

కాలం కూడా చూడాలి. ఈతచెట్టు ఎక్కువగా చలికాలంలో పారుతుంది. తాళ్లలో పోద్దాళ్లు ముందు, పండుతాళ్లు వేసవిలో పారతాయి. తాటి పారకం తగ్గిపోయే ఆషాఢంలోనే బోనాలు వస్తాయి. అంటే కల్లు అందరూ అడిగే రోజుల్లోనే చెట్లమీద కల్లు తక్కువ.

లోటు ఎలా పూడుతుంది?

చెట్టు ఇవ్వనిది ఎక్కడినుంచో రావాలి. నీళ్లు, శాకరిన్ కలిపి, మత్తుకోసం క్లోరల్ హైడ్రేట్, డయాజిపాం, అల్ప్రజోలాం వంటి మందులు వేస్తారు. ఇవి అలవాటైన మనిషికి ఒక్కసారిగా ఆగిపోతే వణుకు, మతిభ్రమణ, మూర్ఛలు వస్తాయి. 2015లో నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ స్థితిలో ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు ప్రాణాలే కోల్పోయారు.

మందు కలిసిందీ లేనిదీ కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు. లాబొరేటరీలోనే తేలుతుంది. కనుక యజమాని చూడవలసింది కల్లు రంగును కాదు, కల్లు వచ్చిన చెట్టును. లైసెన్సు ఉన్న గీత కార్మికుణ్ణి వారం పదిరోజుల ముందే కలిసి, మీ చెట్లు ఇప్పుడు ఎన్ని పారుతున్నాయి, ఆరోజుకు ఎంత ఇవ్వగలవు అని అడగాలి. ఆయన ఎనభై లీటర్లంటే ఎనభైకే ఒప్పుకోవాలి. ఎంతైనా తెస్తానన్నవాడి దగ్గర జాగ్రత్త పడాలి. విందునాడు ఇంటివారు ఒకరు చెట్లదాకా వెళ్లి, దింపిన లొట్లు తమ కళ్లముందే కుండల్లోకి వంచించుకుని తెచ్చుకోవడం మంచిది.

పోసే పద్ధతి

కల్లు లొట్టిలో ఉండగానే పులియడం మొదలవుతుంది. పొద్దున దింపినది తీయగా, తేలికగా ఉంటుంది. మధ్యాహ్నానికి నిషా పెరిగి బీరుకు దగ్గరగా వస్తుంది. ఆ తర్వాత పులుపెక్కి తాగడానికి పనికిరాదు. పగటి విందుకు పొద్దుటి కల్లు, రాత్రి విందుకు సాయంత్రపు కల్లు చెప్పుకోవాలి. నిన్నటి కుండ అడుగున మిగిలినది నేటి కల్లులో కలపకూడదు.

మట్టికుండలను చెట్టునీడన పెట్టి, చుట్టూ తడిగుడ్డ చుడితే కల్లు చల్లగా ఉంటుంది. క్యాన్లలో తెస్తే మూత బిగించవద్దు. లోపల గాలి పుట్టి పొంగుతుంది. శుభ్రమైన గుడ్డతో వడగట్టి ముంతతో పోయాలి. తాటాకు రేకలు దొరికితే గ్లాసులు అక్కరలేదు. పక్కన గుడాలు, వేయించిన పల్లీలు, ఉల్లిగడ్డ ముక్కలు పెడితే ఖాళీ కడుపుతో తాగే బాధ తప్పుతుంది. పోసే పని ఒక్కరికే అప్పగించాలి. చిన్నపిల్లలకు, గర్భిణులకు పోయరాదు. బండి నడిపి ఇంటికి వెళ్లవలసిన చుట్టానికీ అంతే.

తాగినవారెవరైనా తూలిపోతూ, మాట ముద్దయిపోతూ, వాంతులు, విరేచనాలతో ఉంటే నిషా అనుకుని మంచంమీద పడుకోబెట్టవద్దు. వెంటనే 108కు ఫోను చేయాలి.

చివరిమాట ధర గురించి. చెట్టుమీదినుంచి జారిపడి నడుము విరిగిన గీత కార్మికులు అనేక ఊళ్లలో కనిపిస్తారు. వారికోసం 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా సామగ్రి పంపిణీ మొదలుపెట్టింది. ఇరవై చెట్లు ఎక్కి దిగినవాడితో లీటరుకు ఐదు రూపాయలు తగ్గించమని బేరమాడితే, ఆ ఐదు రూపాయలు నీళ్లుగానో పొడిగానో తిరిగి మన కుండలోకే వస్తాయి. న్యాయమైన ధర ఇవ్వండి. ఉన్నంతే పోయండి. కల్లు కాస్త తక్కువైనా దావతుకు వచ్చిన చుట్టాలు మరునాడు క్షేమంగా ఇళ్లకు చేరతారు.