లోయలలో విమానయానం

శ్రీశైలానికి తూర్పు ద్వారంగా ప్రసిద్ధి చెందిన త్రిపురాంతకానికి పడమటి దిక్కున నల్లమల కొండలు బారులు తీరి ఉన్నాయి. ఇటువంటి కొండల నడుమ తక్కువ ఎత్తున ఎగరడం సైనిక వైమానికులు అభ్యసించే కఠినమైన విద్య.

రాడార్ తరంగాలు దాదాపు సరళరేఖలో పయనిస్తాయి. కొండ అడ్డువస్తే దాని చాటున ఉన్న విమానం రాడార్‌కు చిక్కదు. కాని రక్షించే కొండయే ప్రాణాంతకమూ కాగలదు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం సెకనుకు 250 మీటర్లు దాటుతుంది. కిలోమీటరు దూరాన శిఖరాన్ని చూసిన చోదకునికి మిగిలేది 4 సెకన్లే. అందువల్ల మలుపులను, శిఖరాల ఎత్తులను, విద్యుత్ తీగలను వైమానికులు ముందుగానే పటంలో గుర్తించి జ్ఞాపకముంచుకొంటారు. అంతటి శిక్షణ ఉన్నా అపాయం తొలగిపోదు. 2019 జూలై 31న అమెరికాలోని డెత్ వ్యాలీ ప్రాంతపు ఇరుకు లోయలో యుద్ధవిమానం కూలి చోదకుడు మరణించాడు.

ఈ విద్య యుద్ధానికే పరిమితం కాదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో అదృశ్యమైంది. వర్షం, దట్టమైన అడవి అన్వేషణకు ఆటంకమయ్యాయి. మరునాటి ఉదయం కొండల మీదుగా గాలించిన వైమానిక దళ హెలికాప్టర్ సిబ్బంది పావురాలగుట్ట వద్ద శకలాలను కనుగొన్నారు. హెలికాప్టర్‌లోని ఐదుగురూ అప్పటికే అసువులు బాసారు.

లోయ ఇరుకైన కొద్దీ వెనుదిరిగే చోటు తగ్గుతుంది. మేఘం కమ్మితే దారి కనబడదు. చోటు ఉండగానే మరలిరావడం పిరికితనం కాదు. అది వైమానికుని వివేకం.