ఇంటి ముంగిటి గరికను పచ్చగా కాపాడుకొను సులభ పద్ధతులు

నల్లరేగడి సేద్యము చేయు రైతునకు గరిక గొప్ప శత్రువు. ఎన్ని మారులు దున్నినను, మట్టిలో మిగిలిన ఒక్క కణుపు తొలకరి వానకు మరల చిగిర్చి, జొన్నకును ప్రత్తికిని దక్కవలసిన సారమును హరించును. అయితే పొలమున దోషమైన ఈ మొండితనమే ఇంటి ముంగిట గుణమగుచున్నది. ఎండకోర్చి, త్రొక్కుడును సహించి, కోసినకొలది దట్టముగా ప్రాకు గడ్డి గరికవంటిది అరుదు. హైదరాబాదు పాతబస్తీలో గృహమును, జిల్లాలలో భూములును గల పట్టాదారులు దీని రెండు స్వభావములను ఎరిగియుండుట మేలు.

పాతబస్తీలోని పెద్ద దేవిడీలలో నడుమ హౌజును, దాని చెంత తోటయు నుండుట పూర్వాచారము. అఫ్జల్ ఉద్దౌలా కాలమున, అనగా 1857, 1869 సంవత్సరముల నడుమ పూర్తియైన చౌమహల్లా ప్రాసాదము 2005లో ప్రజల దర్శనార్థము తెరువబడినది. అచ్చటి ఆవరణలోని పచ్చిక నేటికిని చూపరులకు చల్లదనము నిచ్చుచున్నది. సామాన్య గృహస్థుని ముంగిలి యెంత చిన్నదైనను, ఈ క్రింది విషయములను పాటించిన పచ్చిక నిలుచును.

స్థలము, నాటుట

గరికకు దినమునకు ఆరు గంటలకు తక్కువ గాకుండ ఎండ తగులవలెను. వేప, మామిడి చెట్ల దట్టమైన నీడలో అది పలుచబడి చచ్చును. అట్టి చోట పూలకుండీల నుంచుట యుక్తము. పాత యిండ్ల పెరళ్లలో సున్నపు పెళ్లలును ఇటుక ముక్కలును నిండియుండును గాన, తొమ్మిది అంగుళముల లోతు త్రవ్వి వానిని ఏరివేసి, బాగుగా చివికిన పశువుల ఎరువును కలుపవలెను. తుంగగడ్డలను అప్పుడే తీసివేయవలెను. నీరు గోడవైపు నిలువకుండ నేలకు కొంచెము వాలు నుంచవలెను. తొలకరి పిదప, రెండు మూడు కణుపులు గల గరిక ముక్కలను ఆరేసి అంగుళముల ఎడముగా నాటి, అదిమి, తడుపవలెను. క్రొత్తగా నాటిన గరిక వేరూనువరకు నేల ఆరరాదు.

నీరు

పచ్చదనము ఆకున కనబడినను, దాని ఆధారము వేరున నున్నది. ప్రతిదినము కొద్దికొద్దిగా చల్లిన నీరు పైమట్టిని మాత్రమే తడిపి ఆవిరియగును. వేళ్లు ఆ తడిని విడువక పైననే నిలుచును. అట్టి పచ్చిక రెండు దినముల ఎండకే వాడును. కావున నీటిని అరుదుగాను, లోతుగాను పెట్టవలెను. ఒక అంగుళము నీరు నిలుపుటకు చదరపు గజమునకు సుమారు 21 లీటర్లును, నూరు చదరపు గజములకు 2,100 లీటర్లును పట్టును. వేరూనిన గరికకు వాన లేని వారమున ఇంతమాత్రము సాధారణముగా చాలును. నీరు పెట్టిన పిదప సన్నని ఇనుపచువ్వను గ్రుచ్చినచో ఆరంగుళములు సులభముగా దిగవలెను. అడుగుజాడలు పచ్చికపై చెరగక నిలిచినపుడు తిరిగి తడుపు సమయము వచ్చినదని తెలియవలెను. వేకువవేళ పెట్టిన నీరు వృథా కాదు.

1908 సెప్టెంబరు 28వ తేదీ నాటి మూసీ వరద పిదప, వరదను ఆపుటకును నగరమునకు త్రాగునీ రిచ్చుటకును ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను నిర్మితములైనవి. త్రాగుటకై సమకూర్చిన నీటిని నడివేసవిలో గడ్డికై ధారపోయుట న్యాయము గాదు. బియ్యము, కూరలు కడిగిన నీటిని ఉపయోగింపవచ్చును, సబ్బునీరు పనికిరాదు. నీటి కొరత అధికమైనపుడు గరికను ఎండనిచ్చినను భయము లేదు. ఆకు గోధుమవన్నె కెక్కినను, భూమిలోని కాండము నిద్రించుచుండి తొలకరికి చిగిర్చును. ఎండిన పచ్చికను చచ్చినదని త్రవ్వివేయుటకు ముందు ఒక వాన చూడవలెను.

కోత, ఎరువు

పచ్చికను అంగుళమున్నర ఎత్తున నుంచి, వేసవిలో రెండంగుళములకు పెరుగనీయవలెను. ఒక కోతలో ఆకు ఎత్తున మూడవ వంతుకు మించి తీయరాదు. మించినచో వేరు బలహీనమగును. కత్తి మొద్దుబారినయెడల ఆకుల కొనలు చీలి తెల్లబారును.

ఎరువును వానకాలపు ఆరంభమున ఒకమారు, చివర ఒకమారు వేసిన చాలును. చివికిన ఎరువును జల్లించి పావు అంగుళము మందమున పరుపవలెను. పచ్చిపేడ వేసినచో కలుపు విత్తనములును వేరుపురుగును చేరును. యూరియా వాడువారు నూరు చదరపు గజములకు అరకిలోకు మించక చల్లి, వెంటనే నీరు పెట్టవలెను. లేనియెడల ఆకు మాడును. నడక వలన గట్టిపడిన చోట మూడంగుళముల లోతున చువ్వతో రంధ్రములు చేసినచో గాలియు నీరును వేరునకు చేరును.

ముఖ్య హెచ్చరిక

అంచులు దాటి ప్రాకిన తీగెలను, త్రవ్వి తీసిన గరిక వేళ్లను పొలమునకు పోవు ఎరువుగుంటలో వేయరాదు. వానిని బండపై పరచి, విరిచిన పెళుసుగా విరుగునంతవరకు ఎండబెట్టవలెను. పురుగుమందు చల్లని పచ్చి గరికను పశువులకు మేతగా వేయవచ్చును. ముంగిట నాటిన ఒక గంపెడు గరిక ఎరువుబండితో రేగడి చేరినచో, దానిని పెరికివేయుటకు కూలివాండ్ర కగు వ్యయము ఏండ్ల తరబడి తీరదు.